‘రాసిన పెన్ను’ రష్యన్‌లోకి ఎలా వెళ్తుంది

‘నేను రాసిన ఉత్తరం’, ‘నేను రాసిన పెన్ను’, ‘నేను పరీక్ష రాసిన హాలు’. మూడింట్లోనూ ‘రాసిన’ ఒక్కటే. కానీ విడదీసి చూస్తే ఉత్తరాన్ని రాశాను, పెన్నుతో రాశాను, హాల్లో రాశాను. ఆ ‘ని’, ‘తో’, ‘లో’ మూడూ ధాతుజ విశేషణంలో (క్రియ నుంచి పుట్టిన ‘రాసిన’ లాంటి విశేషణంలో) కలిసిపోయి కనపడకుండా పోయాయి. వినేవాళ్ళు సందర్భాన్ని బట్టి గ్రహించుకుంటారు, తెలుగులో దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. రష్యన్‌లో మాత్రం ఆ విభక్తి పైకి కనపడి తీరాలి. నేర్చుకున్నప్పుడూ, తర్వాత ఇంకొకరికి చెప్పినప్పుడూ నాకు తేలిందిదే: రష్యన్ రిలేటివ్ క్లాజులో (నామవాచకాన్ని వివరించే లోపలి వాక్యంలో) మన తెలుగువాళ్ళకి వచ్చే కష్టంలో ఎక్కువ భాగం ఈ మాయమైన విభక్తి దగ్గరే ఉంది. దాన్ని పట్టుకున్నవాళ్ళకి మిగతాది సాధనతో వచ్చేస్తుంది.

ఇక్కడ రష్యన్ మాటల్ని పలికే తీరుకి దగ్గరగా తెలుగు లిపిలో రాస్తున్నాను. ప్రిపోజిషన్లని (మాటకి ముందు వచ్చే ‘లో’, ‘తో’ లాంటి చిన్న మాటల్ని) మాత్రం గుర్తుపట్టడానికి వీలుగా విడిగా రాస్తాను. పలకడంలో అవి పక్క మాటకి అతుక్కుపోతాయి.

రిలేటివ్ క్లాజులో పని చేసే మాట ‘కతోరియ్’ (‘ఏదైతే, ఎవరైతే’ లాంటిది). ఇది విశేషణంలా మారుతుంది కాబట్టి ‘నోవియ్’ (కొత్త) లాంటి మాట అన్ని విభక్తుల్లో వచ్చినవాళ్ళు కొత్తగా బట్టీ పట్టాల్సింది లేదు. పుంలింగంలో వరసగా (కింద చెప్పే 1 నుంచి 6 వరకు విభక్తుల్లో) కతోరియ్, కతోరవ, కతోరము, మళ్ళీ కతోరియ్ లేదా కతోరవ, కతోరిమ్, కతోరమ్. స్త్రీలింగంలో కతోరయా, కర్మగా కతోరుయు, మిగతా నాలుగు చోట్లా కతోరయ్. నపుంసకం మొదట కతోరయె, ఆపైన పుంలింగంలాగే, కర్మ మాత్రం మళ్ళీ కతోరయె. బహువచనం కతోరియె, కతోరిఖ్, కతోరిమ్, కతోరియె లేదా కతోరిఖ్, కతోరిమి, కతోరిఖ్. ఊనిక ఎప్పుడూ ‘తో’ మీదే, ఏ రూపంలోనూ కదలదు. ‘కతోరవ’ని రాసేటప్పుడు గ అక్షరం వేస్తారు, పలికేటప్పుడు వ. రాసింది రాసినట్టు చదివితే ఎదుటివాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది.

విభక్తుల నంబర్ల గురించి ఒక హెచ్చరిక. విదేశీ విద్యార్థులకి చెప్పే టీచర్లు చాలామంది విభక్తుల్ని పేర్లతో కాక అంకెలతో పిలుస్తారు: 1 నామినేటివ్ (కర్త), 2 జెనిటివ్ (‘యొక్క’), 3 డేటివ్ (‘కి’), 4 అక్యూజటివ్ (‘ని’), 5 ఇన్‌స్ట్రుమెంటల్ (పనిముట్టు ‘తో’), 6 ప్రిపోజిషనల్ (ఉన్న చోటు ‘లో’). బళ్ళో చదివిన ప్రథమ, ద్వితీయ వరస దీనితో కలవదు. మన ద్వితీయ (ని, ను) రష్యన్‌లో నాలుగోది. రష్యన్ రెండోది మన ‘యొక్క’కి దగ్గర. క్లాసులో ‘రెండో విభక్తి’ అని వినపడగానే మనసు ‘ని, ను’ వైపు పోతుంది. మొదటి రోజే ఈ రెండు వరసల్నీ వేరు చేసి పెట్టుకోవాలి.

ఇక వాక్యం కట్టడం. ‘నేను రాసిన పెన్ను టేబుల్ మీద ఉంది’ తీసుకుందాం. ముందు తెలుగులోనే రెండు పూర్తి వాక్యాలుగా విడగొట్టాలి: పెన్ను టేబుల్ మీద ఉంది, ఆ పెన్నుతో నేను రాశాను. మాయమైన ‘తో’ ఇప్పుడు బయటికొచ్చింది. రెండింటినీ రష్యన్‌లో పెడితే ‘రూచ్క లిజీత్ న స్తల్యె’, ‘యా పిసాల్ రూచ్కయ్’. రెండో వాక్యంలో పెన్ను ఐదో విభక్తిలో ఉంది. దాని స్థానంలో అదే విభక్తిలో, పెన్ను లింగంలో (రూచ్క స్త్రీలింగం) ‘కతోరయ్’ పెట్టి దాన్ని వాక్యం మొదటికి తేవాలి: ‘కతోరయ్ యా పిసాల్’. దీన్ని మొదటి వాక్యంలో పెన్ను పక్కనే దించి ఇటూ అటూ కామా పెట్టాలి: ‘రూచ్క, కతోరయ్ యా పిసాల్, లిజీత్ న స్తల్యె.’ మాట్లాడేది ఆడవాళ్ళైతే ‘పిసాల్’ బదులు ‘పిసాల’.

ఇప్పుడు బయటి వాక్యం మార్చి చూడండి. ‘నేను రాసిన పెన్నుని చూశావా?’ అంటే ‘తి న్యె వీద్యెల్ రూచ్కు, కతోరయ్ యా పిసాల్?’ పెన్ను నాలుగో విభక్తిలోకి వెళ్ళి రూచ్కు అయింది. కతోరయ్ కదల్లేదు. ఎడమ పక్క ఉన్న నామవాచకం ఇచ్చేది లింగం, వచనం మాత్రమే. విభక్తి ఇచ్చేది కుడి పక్క ఉన్న క్రియ. విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే: ఎడమ పక్క ‘ద్రూగమ్’ (స్నేహితుడు, ఐదో విభక్తి) కనపడగానే ‘కతోరియ్’ని కూడా ఐదో విభక్తిలోకి లాగేస్తారు. ‘మాస్కోలో చదివే స్నేహితుడితో ఉంటాను’ అనేదానిలో చదివేది స్నేహితుడే, అంటే కర్త. కాబట్టి ‘యా జివూ స్ ద్రూగమ్, కతోరియ్ ఊచిత్స వ్ మస్క్వ్యే’. స్నేహితుడికి ఏ విభక్తి తగిలినా కతోరియ్ మొదటి విభక్తిలోనే ఉంటుంది.

అభ్యాసానికి పుంలింగ నామవాచకాలు ఎంచుకోవడం మంచిది. స్త్రీలింగంలో నాలుగు విభక్తులకి ఒకే ‘కతోరయ్’ వస్తుంది కాబట్టి తప్పు ఆలోచించినా జవాబు ఒప్పు అయిపోతుంది, తప్పు బయటపడదు. పెన్ను బదులు పెన్సిల్ (కరందాష్) పెట్టండి: ‘కరందాష్, కతోరిమ్ యా పిసాల్’. ఇక్కడ ఐదో విభక్తి తెలిస్తేనే జవాబు వస్తుంది.

తెలుగు విభక్తి బయటికి తీశాక దాన్ని నేరుగా రష్యన్‌లోకి మార్చేయొచ్చా అంటే కొన్నిచోట్ల మార్చొచ్చు. ‘నేను ఫోన్ చేసిన మనిషి’లో దాగింది ‘కి’, రష్యన్‌లో దానికి సరిపోయే మూడో విభక్తే: ‘చెలవ్యేక్, కతోరము యా జ్వనీల్’. సాయం చేయడం (పమగాత్) కూడా అంతే. ‘నాకు నచ్చిన సినిమా’ ఇంకా హాయి. నచ్చేది సినిమా, అనుభవించేది ‘నాకు’. రెండు భాషల్లోనూ అమరిక ఒక్కటే: ‘ఫిల్మ్, కతోరియ్ మ్న్యె పన్రావిల్స్యా’. కానీ చాలా క్రియలు ఇలా కలిసిరావు. పరీక్షకి భయపడతాం, రష్యన్‌లో అది రెండో విభక్తి: ‘ఎగ్జామెన్, కతోరవ యా బయూస్’. డిక్షనరీని వాడతాం, రష్యన్‌లో ఐదోది: ‘స్లవార్, కతోరిమ్ యా పోల్‌జుయుస్’. నా దగ్గర లేని పుస్తకం అంటే ‘న్యెత్’ ఉంది కాబట్టి రెండోది: ‘క్నీగ, కతోరయ్ ఉ మిన్యా న్యెత్’.

పెళ్ళి దగ్గర ఇది బాగా తెలుస్తుంది. ‘అతను పెళ్ళి చేసుకున్న అమ్మాయి’లో దాగింది ‘ని’. రష్యన్‌లో ‘న’ ప్రిపోజిషన్, ఆరో విభక్తి: ‘ద్యేవుష్క, న కతోరయ్ ఓన్ జినీల్స్యా’. ‘ఆమె పెళ్ళి చేసుకున్న అతను’ అంటే క్రియే వేరు, ప్రిపోజిషన్ వేరు, విభక్తి నాలుగోది: ‘ముష్షీన, జ కతోరవ అనా విష్ల జాముష్’. పైగా ముష్షీన అకారంతో ముగిసినా పుంలింగం, అందుకే కతోరవ. క్రియని ఒంటరిగా నేర్చుకుంటే ఇవేవీ పట్టుబడవు. రష్యన్ డిక్షనరీలు క్రియ పక్కన ప్రశ్న మాట ఇస్తాయి: పమగాత్ కము (ఎవరికి), బయాత్స చివో (దేనికి), పోల్‌జవత్స చ్యేమ్ (దేంతో). క్రియని ఆ ప్రశ్నతో కలిపి నోట్సులో రాసుకుంటే ‘కతోరియ్’ సగం తయారైనట్టే, ఎందుకంటే ఆ ప్రశ్నకి వచ్చిన విభక్తే దానికీ వస్తుంది.

‘తో’కి ఒక ప్రత్యేక జాగ్రత్త కావాలి. పనిముట్టు ‘తో’ అయితే ప్రిపోజిషన్ లేదు, ఉత్త ఐదో విభక్తి. తోడు ‘తో’ అయితే ‘స్’ తప్పనిసరి: ‘ద్రూక్, స్ కతోరిమ్ యా జివూ’ (నేను కలిసి ఉంటున్న స్నేహితుడు). ‘స్ కతోరిమ్ యా పిసాల్’ అని పెన్సిల్ గురించి అంటే పెన్సిలూ మీరూ కలిసి కూర్చుని రాసినట్టు ఉంటుంది.

‘లో’ కూడా రెండు రకాలు. ఉన్న చోటైతే ఆరో విభక్తి, వెళ్ళిన చోటైతే నాలుగోది. ‘నేను చదువుతున్న యూనివర్సిటీ’ ‘వ్ కతోరమ్ యా ఉచూస్’. ‘నేను చేరిన యూనివర్సిటీ’ ‘వ్ కతోరియ్ యా పస్తుపీల్’. చేరడం అంటే లోపలికి కదలడమని రష్యన్ లెక్క. ఊళ్ళూ చోట్ల విషయంలో ఈ గొడవ తప్పించుకునే దారి ఉంది: ఉన్న చోటుకి గ్ద్యె, వెళ్ళే చోటుకి కుదా, వచ్చిన చోటుకి అత్కూద. ‘గోరత్, గ్ద్యె యా రదీల్స్యా’ (నేను పుట్టిన ఊరు) పూర్తిగా సరైన రష్యన్, మాటల్లో తరచుగా వినపడేదే. పరీక్ష పేపర్లో ‘కతోరియ్’ అడిగితే తప్ప ఇదే వాడొచ్చు.

నాలుగో విభక్తిలో ప్రాణం ఉన్నవీ లేనివీ వేరుగా నడుస్తాయి. చూసిన ఇల్లు ‘దోమ్, కతోరియ్ యా వీద్యెల్’, చూసిన విద్యార్థి ‘స్తుద్యెంత్, కతోరవ యా వీద్యెల్’. ఇది మనకి కొత్త సంగతి కాదు. ‘ఇల్లు చూశాను’ అంటాం, ‘రాముడు చూశాను’ అనం, ‘రాముణ్ణి చూశాను’ అనే అంటాం. ‘ని’ లేకుండా చెల్లని చోట రష్యన్ కూడా రెండో విభక్తి రూపం ఎత్తుకుంటుంది. ఏకవచనంలో ఇది పుంలింగానికే. బహువచనంలో ఆడ, మగ, జంతువులు అన్నిటికీ: కొన్న పుస్తకాలు కతోరియె, చూసిన అమ్మాయిలు కతోరిఖ్, పెంచిన కుక్కలు కతోరిఖ్.

ఆంధ్ర, తెలంగాణల నుంచి రష్యాకి వెళ్ళేవాళ్ళలో వైద్య విద్యార్థులు చాలామంది. చదువు ఇంగ్లీషులో సాగినా వార్డులో రోగులు మాట్లాడేది రష్యనే. అక్కడ ఈ వాక్యాలు రోజూ కావాలి. ‘తలనొప్పి ఉన్న రోగి’ని తెలుగు ‘ఉన్న’తో సరిపెడుతుంది. రష్యన్‌లో ‘ఇతని దగ్గర తల నొస్తోంది’ అనే కట్టడం, అందుకే ‘ఉ’ వేసి రెండో విభక్తి: ‘బల్నోయ్, ఉ కతోరవ బలీత్ గలవా’. జ్వరం వచ్చిన ఆమె ‘బల్నాయా, ఉ కతోరయ్ పద్నిలాస్ తెంపెరాతుర’. అంబులెన్సులో తీసుకొచ్చిన రోగి ‘బల్నోయ్, కతోరవ ప్రివిజ్లీ న స్కోరయ్’. ఆపరేషన్ చేసిన రోగి ‘బల్నోయ్, కతోరము జ్ద్యేలలి అపెరాత్సియు’. చివరిది గమనించండి. ‘ఆపరేషన్ చేసిన రోగి’, ‘ఆపరేషన్ చేసిన డాక్టర్’ రెండూ తెలుగులో ‘చేసిన’తోనే. రోగికి చేశారు కాబట్టి కతోరము, డాక్టర్ చేశాడు కాబట్టి కతోరియ్. కేసు చెప్పేటప్పుడు ఈ రెండూ తారుమారైతే ఎవరు ఎవరికి కోశారో అర్థం కాదు. మీరు వేసుకుంటున్న మాత్రలు ‘తబ్ల్యెత్కి, కతోరియె వి ప్రినిమాయెత్యె’. హిస్టరీ తీసుకునేటప్పుడు బాగా పనికొచ్చే వాక్యమిది.

‘వాళ్ళ అన్నయ్య ఆస్పత్రిలో పనిచేసే అమ్మాయి’ లాంటివాటికి రెండు దారులు. మొదటిది ‘కతోరియ్’ రెండో విభక్తిలో పెట్టి, సొంతమైన మాట (ఇక్కడ ‘బ్రాత్’, అన్నయ్య) తర్వాత వేయడం: ‘ద్యేవుష్క, బ్రాత్ కతోరయ్ రబోతయెత్ వ్ బల్నీత్సె’. అన్నయ్య మగవాడే అయినా కతోరయ్, ఎందుకంటే అది అమ్మాయిని సూచిస్తోంది. ప్రిపోజిషన్ వస్తే అది అన్నిటికంటే ముందుకి పోతుంది: ‘స్ బ్రాతమ్ కతోరయ్ యా ఉచీల్స్యా’ (ఏ అమ్మాయి అన్నయ్యతో నేను చదివానో). రెండోది ‘చ్యేయ్’: ‘ద్యేవుష్క, చ్యేయ్ బ్రాత్...’. ఇది అన్నయ్య లింగాన్ని పట్టుకుంటుంది, అక్క అయితే చ్యా, పిల్లలైతే చ్యి. రెండు పద్ధతుల్లో లింగం ఇచ్చే మాట వేరు కాబట్టి ఒకటి స్థిరపడ్డాకే ఇంకోదానికి వెళ్ళాలని నా సలహా.

కామా విషయంలో రష్యన్‌కి మినహాయింపు లేదు. ఇంగ్లీషులో కొన్నిచోట్ల కామా ఉండదు, కొన్నిచోట్ల అసలు రిలేటివ్ మాటే ఎగిరిపోతుంది. ఆ అలవాటు రష్యన్‌లోకి తెస్తే రెండూ తప్పే. రిలేటివ్ మాట ఎప్పుడూ ఉండాలి, క్లాజు మొదలయ్యే చోట దాని ముందు కామా ఉండాలి. ప్రిపోజిషన్ గానీ ‘బ్రాత్ కతోరయ్’లో ‘బ్రాత్’ లాంటి మాట గానీ ముందుంటే కామా దానికి కూడా ముందే. వాక్యం మధ్యలో క్లాజు ముగిస్తే ముగిసిన చోట ఇంకో కామా. ఈ రెండోదే ఎక్కువగా జారిపోతుంది. ఇంకో జారుడు, రెండు వాక్యాలుగా విడగొట్టినప్పుడు వచ్చిన సర్వనామం అలాగే మిగిలిపోవడం: ‘క్నీగ, కతోరుయు యా యియో చితాల్’. యియో (దాన్ని) పని కతోరుయు చేసేసింది, తీసేయాలి.

నామవాచకం లేకుండా తెలుగు ‘వచ్చినవాడు, చెప్పింది, తెలిసిందంతా’ అంటుంది. అక్కడ కతోరియ్ రాదు. మనుషులకి ‘తోత్, క్తో’, సంగతులకి ‘తో, ష్తో’, అంతటికీ ‘ఫ్స్యో, ష్తో’. నాకు తెలిసిందంతా ‘ఫ్స్యో, ష్తో యా జ్నాయు’. మెరిసేదంతా బంగారం కాదని రష్యన్లూ ఇదే అమరికతో అంటారు: ‘న్యె ఫ్స్యో తో జోలత, ష్తో బ్లిస్తీత్’. కానీ ఇదివరకే చెప్పుకున్న పెన్నుల్లో ‘నువ్వు ఇచ్చినది’ అంటే మాత్రం పెన్ను మనసులో ఉంది కాబట్టి ‘తా, కతోరుయు తి దాల్’. మొత్తం సంగతిని సూచించేటప్పుడు కూడా ష్తోనే: అతను ఆలస్యంగా వచ్చాడు, అది నన్ను ఆశ్చర్యపరిచింది, ‘ఓన్ అపజ్దాల్, ష్తో మిన్యా ఉదివీల’.

ఇంకో ఉచ్చు ఉంది, పాఠ్యపుస్తకాల్లో కనపడదు, ఎందుకంటే అది తెలుగు వైపు నుంచి వచ్చేది. ‘అతను వచ్చిన విషయం నాకు తెలుసు.’ రూపం చూస్తే రిలేటివ్ క్లాజే. విడగొట్టబోతే ‘అతను వచ్చాడు’లో విషయానికి చోటే లేదు, ఏ విభక్తితోనూ అతకదు. అతకలేదంటే కతోరియ్ వాడకూడదు: ‘యా జ్నాయు, ష్తో ఓన్ ప్రియేఖల్’. ‘చేపలు వేయించిన వాసన’ కూడా ఇంతే. వాసన వేయించదు, వాసనతో వేయించరు. రష్యన్ దాన్ని ‘జాపఖ్ జారెనయ్ రీబి’ అని వేయించిన చేప వాసనగా చెప్పేస్తుంది. విడగొట్టే పరీక్షకి ఇది రెండో ఉపయోగం: ఏ విభక్తో చెప్పడమే కాదు, అసలు కతోరియ్ కావాలా వద్దా అని కూడా చెబుతుంది.

రష్యన్‌లోనూ మన ‘చదివిన’ లాంటి పార్టిసిపుల్స్ ఉన్నాయి, అవి నామవాచకం ముందుకి కూడా రాగలవు. అది చూసి ప్రాణం లేచొస్తుంది, కానీ హద్దులున్నాయి. ‘పుస్తకం చదివిన అబ్బాయి’, ‘నేను చదివిన పుస్తకం’ మనకి ఒకే ‘చదివిన’. రష్యన్‌లో చేసినవాడికి ఒకటి, చేయబడినదానికి ఒకటి: ‘మాల్చిక్, ప్రచితాఫ్షియ్ క్నీగు’, ‘ప్రచీతన్నయా మ్నోయ్ క్నీగ’. పెన్నుతో, ఊళ్ళో, స్నేహితుడితో లాంటివాటికి పార్టిసిపుల్ రానే రాదు, కతోరియ్ ఒక్కటే దారి. భవిష్యత్తుకీ రాదు: ‘రేపు వచ్చే మనిషి’ ‘చెలవ్యేక్, కతోరియ్ ప్రియేద్యెత్ జాఫ్త్ర’ అనాల్సిందే. అన్నిటికంటే ముఖ్యం, పార్టిసిపుల్ తన నామవాచకం విభక్తినే తీసుకుంటుంది. పుస్తకం చదువుతున్న విద్యార్థితో అంటే ‘సా స్తుద్యెంతమ్, చితాయుష్షిమ్ క్నీగు’. అదే కతోరియ్‌తో అయితే ‘సా స్తుద్యెంతమ్, కతోరియ్ చితాయెత్ క్నీగు’. రెండూ పక్కపక్కన రాసి చూసుకుంటే తేడా మరిచిపోరు. కామా కూడా వేరు: పార్టిసిపుల్ పదబంధం నామవాచకం వెనక వస్తే కామా ఉంటుంది, ముందు వస్తే మామూలుగా ఉండదు. మాట్లాడేటప్పుడు కతోరియ్ చాలు. పాఠ్యపుస్తకాలూ ఆఫీసు కాగితాలూ చదవడానికి పార్టిసిపుల్స్ గుర్తుపట్టగలగాలి.

వినేటప్పుడు ఊనిక లేని చివరలు నలిగిపోతాయి. కతోరియ్, కతోరియె దాదాపు ఒకేలా వినపడతాయి. చివర కోసం చెవి రిక్కించే కన్నా తర్వాత వచ్చే క్రియ ఏకవచనమా బహువచనమా చూసుకోవడం నయం. ‘వ్ కతోరమ్’లో వ్ అనేది క ముందు ఫ్ అయిపోయి ‘ఫ్కతోరమ్’ అని ఒకే మాటగా వస్తుంది, ‘క్ కతోరము’లో ‘క్క’ అని జంట క వినపడుతుంది. పలికేటప్పుడు కూడా ఆ రెంటినీ విడదీసి ఆగకూడదు.

చదవడం కాస్త అలవాటయ్యాక చేయదగ్గ పని ఒకటుంది. మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు వేసిన తెలుగు అనువాదాలు పాత పుస్తకాల షాపుల్లో, లైబ్రరీల్లో ఇంకా దొరుకుతాయి. ఒక కథ తెలుగులోనూ రష్యన్‌లోనూ సంపాదించి, ఒక పేజీలో కతోరియ్ వచ్చిన ప్రతిచోటా గీత గీయండి. దాని ఎదురుగా తెలుగులో ‘చేసిన, చేసే, ఉన్న’ అని ఏది వచ్చిందో చూడండి. తర్వాత రష్యన్ మూసేసి, ఆ తెలుగు వాక్యాల నుంచి వెనక్కి కట్టండి. తేడా వచ్చిన ప్రతి వాక్యం పక్కనా ఆ క్రియనీ దాని ప్రశ్న మాటనీ రాసుకోండి. ఆ జాబితాలో ఒకే క్రియ రెండోసారి పడితే, ముందు కూర్చుని నేర్చుకోవాల్సింది ఆ క్రియనే.